మాంద్యంలో ఆర్కిటెక్చర్ ఉద్యోగాల వేట: జీతం లేని ‘ట్రయల్’కు ఒప్పుకోవాలా?

నాలుగో మెట్టు, బెంగళూరు
6 డిసెంబర్ 2020

అందరికీ నమస్కారం. నేను 2018లో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక కళాశాలలో బి.ఆర్క్ పూర్తి చేసి, ఆ జూన్‌లోనే బెంగళూరు వచ్చి, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఆఫీసు ఇంటీరియర్లు చేసే ఒక సంస్థలో చేరాను. ఈ ఏడాది మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, కంపెనీలన్నీ ఉద్యోగులను ఇళ్ళ నుంచే పని చేయమనడంతో, మా సంస్థ చేతిలో ఉన్న పనులు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. ఉన్న అంతస్తులే ఖాళీగా పడి ఉన్నప్పుడు కొత్త అంతస్తు ఎవరు చేయించుకుంటారు? ఏప్రిల్, మే నెలల్లో సగం జీతం ఇచ్చి, జూన్ చివర మాలో అనుభవం తక్కువ ఉన్నవాళ్ళందరినీ పంపించివేశారు.

అప్పటి నుంచి ఉద్యోగం వెతుకుతూనే ఉన్నాను. వద్దని చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు, ఏమీ చెప్పకపోవడమే నన్ను ఎక్కువగా కుంగదీస్తోంది. ఒక్కొక్క ఆఫీసు చేసే పనికి తగినట్టు పోర్ట్‌ఫోలియో పేజీలు మార్చి, ఉత్తరం కొత్తగా రాసి పంపితే, అందిందన్న మాట కూడా రాదు. నెల తిరిగేసరికి అదే ఆఫీసు నుంచి అదే ఖాళీ ప్రకటన మళ్ళీ కనిపిస్తుంది. మాట్లాడిన కొన్ని చోట్ల “ఇప్పుడే చదువు ముగించినవాళ్ళు చాలు, మీకిచ్చే జీతంలో ఇద్దరు వస్తారు” అన్నారు. మరికొన్ని చోట్ల “ప్రాజెక్టును సొంతంగా నడపగలిగిన, ఐదేళ్ళు పైబడిన అనుభవం ఉన్నవాళ్ళు కావాలి” అన్నారు. రెండేళ్ళ అనుభవం ఎటూ అక్కరకు రాకుండా పోయింది. పైగా ఆ రెండేళ్ళూ నాతో చేయించినవి ఫాల్స్ సీలింగ్ లేఅవుట్లు, వర్క్‌స్టేషన్ల అమరిక, కార్పెట్ టైళ్ళ డ్రాయింగులు కావడంతో, పునాది నుంచి లేచిన ఇల్లు ఒక్కటి కూడా నా పోర్ట్‌ఫోలియోలో లేదు.

ఈ వారం రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒక చిన్న ఆఫీసువారు మూడు నెలలు జీతం లేకుండా ‘ట్రయల్’ మీద పని చేయమని, పని నచ్చితే ఆ తరువాత జీతం మాట్లాడుకుందామని అన్నారు. ఇంకొక ఆఫీసువారు ఇంటర్వ్యూకు ముందే ఒక 30×40 అడుగుల సైటు వివరాలు పంపి, మూడు అంతస్తుల ఇంటికి ప్లాన్లు, ఎలివేషన్ (ఇంటి ముఖభాగపు గీత), త్రీడీ వ్యూలు వారం లోపల చేసి పంపమన్నారు. ఆ సైటుకు రోడ్డు ఎటు, పక్కింటి గోడ ఎంత ఎత్తు, ఇంట్లో పెద్దావిడకు కింది అంతస్తులో గది కావాలా వద్దా, పూజగది ఏ మూలన ఉండాలి అన్నంత వివరంగా రాసి ఇచ్చారంటే, అది పరీక్ష కోసం ఊహించిన సైటు కాదని నాకు అనిపిస్తోంది.

ఊరికి వచ్చేసి బ్యాంకు పరీక్షలు రాయమని ఇంట్లో అంటున్నారు. మారతహళ్ళిలో నేనుండే పీజీ అద్దె ఇప్పుడు నాన్నగారే పంపుతున్నారు కనుక, ఆ మాటకు గట్టిగా ఎదురు చెప్పే స్థితి నాకు లేదు. విజయవాడ, గుంటూరు వైపు చూద్దామంటే, అమరావతి నిర్మాణం మీద ఆశ పెట్టుకుని అక్కడి ఆఫీసుల్లో చేరిన నా తోటివాళ్ళు 2019లో ఆ పనులు ఆగిన నాటి నుంచీ వెతుకులాటలోనే ఉన్నారు. ఇద్దరు స్నేహితురాళ్ళు యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవారికి అనువుగా రూపొందించే పని) కోర్సులో చేరి నన్నూ రమ్మంటున్నారు.

దేశ ఉత్పత్తి ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో 23.9 శాతం, జూలై-సెప్టెంబర్‌లో 7.5 శాతం తగ్గిందని, వరుసగా రెండు త్రైమాసికాలు తగ్గింది కనుక దీనిని మాంద్యమనే పిలవాలని గత నెలాఖరున పత్రికలు రాశాయి. 2008 నాటి మాంద్యాన్ని ఈ వృత్తిలో ఉండి చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి: జీతం లేని పనికి ఒప్పుకుని వృత్తిలోనే ఉండడం మంచిదా, ఆ సైటు డిజైన్ చేసి పంపాలా, లేక పక్క దారి చూసుకోవాలా?

సున్నపు గచ్చు, చెన్నై
6 డిసెంబర్ 2020

అమ్మా, నేను 2009లో చదువు ముగించాను. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు మాకు అది దూరదేశపు వార్తగానే తోచింది, ఎందుకంటే అప్పటికే మా బ్యాచ్‌లో పలువురికి దుబాయ్ ఆఫీసుల నుంచి ఉద్యోగ పత్రాలు వచ్చి ఉన్నాయి. 2009 జనవరిలో దుబాయ్ నిర్మాణ సంస్థ నఖీల్ అక్కడ కిలోమీటరు ఎత్తుకు కడతామన్న టవర్‌ను నిలిపివేసింది. ఆ తరువాత మా వాళ్ళ పత్రాలు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి. అదే నెలలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడడంతో హైదరాబాద్‌లో స్థిరాస్తి రంగం కూడా దెబ్బతిన్నది. ఆ ఏడాది నవంబర్‌లో అక్కడి ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్ తన అప్పుల చెల్లింపుకు గడువు కోరే నాటికి, అక్కడ స్థిరపడిన మా సీనియర్లు సైతం తిరిగి వచ్చి, మేము వెతుకుతున్న ఉద్యోగాలనే వెతకసాగారు. పదేళ్ళ అనుభవం ఉన్నవారు సగం జీతానికి సిద్ధపడినప్పుడు మా వంటి కొత్తవారిని ఎవరు తీసుకుంటారు?

నాకు ఆర్కిటెక్ట్ ఆఫీసు ఏదీ దొరకలేదు. చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒక కాంట్రాక్టర్ దగ్గర సైటులో కుదిరాను. చేసిన పనిని కొలిచి మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కించడం, దాని మీద బిల్లు తయారు చేయడం నా పని. ప్లాస్టరింగ్ కొలిచేటప్పుడు అర చదరపు మీటరు కన్నా చిన్న ఖాళీలకు తగ్గింపు ఉండదని, అంతకు మించి మూడు చదరపు మీటర్ల దాకా ఉన్న కిటికీలకు, తలుపులకు గోడకు ఒక వైపు మాత్రమే తగ్గిస్తారని నాకు అక్కడే తెలిసింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ఆ లెక్క తెలిసిన మేస్త్రీ ఎదుట తెలియని డిజైనరు నోరు విప్పలేడు. తరువాత నేను ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేరినప్పుడు, నా డ్రాయింగు మీద సైటు నుంచి వచ్చే ప్రశ్నలు తోటివారి కన్నా తక్కువగా ఉండడం గమనించి, ఏడాది తిరగకుండానే నాకు సొంతంగా ఒక ప్రాజెక్టు అప్పగించారు.

అందుచేత నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జీతం లేని ట్రయల్‌కు ఒప్పుకోవద్దు. మూడు నెలల పాటు ఒక మనిషికి నెలకు పదివేలు కూడా ఇవ్వలేని ఆఫీసుకు నాలుగో నెలలో పూర్తి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ నాలుగో నెలకు ఇంకొకరు ట్రయల్‌కు వస్తారు. దానికి బదులు, డిజైన్ అన్న మాట ఉద్యోగం పేరులో లేకపోయినా ఫరవాలేదనుకుని, కాంట్రాక్టర్ల వద్ద, బిల్డర్ల వద్ద, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సంస్థల వద్ద అడగండి. యూఎక్స్ వైపు వెళ్ళడంలో తప్పేమీ లేదు, అయితే ఆ పని మీద ఇష్టం ఉంటేనే వెళ్ళండి. ఆర్కిటెక్చర్ మీద విసుగుతో వెళ్ళినవారు అక్కడ కూడా అవే మెట్లు మొదటి నుంచి ఎక్కవలసి వచ్చింది.

దక్షిణ వాకిలి, బెంగళూరు
7 డిసెంబర్ 2020

నేను ఇక్కడ ఒక చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతున్నాను. ఉద్యోగం ఇచ్చేవారి వైపు ఏం జరుగుతున్నదో తెలిస్తే మీరు ఎక్కడ వెతకాలో తేలికగా తెలుస్తుందన్న ఉద్దేశంతో కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాకు ఫీజు ఒక్కసారిగా రాదు. పని అప్పగించినప్పుడు కొంత, తొలి డిజైన్‌కు యజమాని ఒప్పుకున్నాక కొంత, అనుమతుల డ్రాయింగులకు కొంత, వర్కింగ్ డ్రాయింగులకు (సైటులో చూసి కట్టే కొలతల డ్రాయింగులకు) కొంత, ఆపైన కట్టడం లేచే కొద్దీ మిగిలినది వస్తుంది. చేతిలో డబ్బు బిగిసినప్పుడు ఎవరైనా ముందుగా వాయిదా వేసేది ఇంకా మొదలుకాని పనినే కనుక, నిర్మాణ రంగంలో అందరికన్నా ముందు దెబ్బ తగిలేది తొలి డిజైన్ మీద బతికేవారికి. మొదలైన పనులైనా నడిచాయా అంటే, మే నెలలో కూలీలు శ్రామిక్ రైళ్ళెక్కి సొంత ఊళ్ళకు వెళ్ళిపోయాక అవీ నిలిచాయి. స్లాబు పడితే రావలసిన ఫీజు స్లాబు పడే దాకా రాదు. ఏప్రిల్-జూన్‌లో దేశంలో నిర్మాణ రంగం 50.3 శాతం కుదించుకుపోయిందని, జూలై-సెప్టెంబర్ నాటికి ఆ తగ్గుదల 8.6 శాతానికి వచ్చిందని మీరు చెప్పిన దేశ ఉత్పత్తి లెక్కల్లోనే ఉంది. మా ఆఫీసులో కనిపిస్తున్నదీ అదే: ఆగిన సైట్లు తిరిగి కదిలాయి, కొత్త డిజైన్లు మాత్రం ఇంకా రావడం లేదు. కాబట్టి ఈ శీతాకాలంలో ఎవరైనా మనిషిని తీసుకుంటే, సైటుకు వర్కింగ్ డ్రాయింగులు ఆలస్యం కాకుండా అందించగలిగినవారినే తీసుకుంటారు. మీ పోర్ట్‌ఫోలియో మొదటి పేజీలో రంగుల త్రీడీ వ్యూ ఉంటే దాన్ని వెనక్కి జరిపి, మీరు గీసిన వర్కింగ్ డ్రాయింగు ఒకటి, దాని పక్కనే అది సైటులో తయారైన తరువాతి ఫొటో ఒకటి పెట్టండి.

జవాబు ఇవ్వకపోవడం గురించి మీరు రాసినది పూర్తిగా న్యాయమైన ఫిర్యాదు. రెండు వాక్యాల జవాబు రాయడానికి డబ్బు అక్కరలేదు. అయితే ఇప్పుడు కనిపిస్తున్న ప్రకటనల్లో కొన్ని, పని వస్తుందేమోనన్న ఆశతో ముందుగా వేసినవి. ఆ పని చేతికి రాకపోతే ఆ ఉద్యోగమే ఉండదు. అటువంటి చోట్ల సమాధానం రాకపోవడాన్ని మీ పని మీద తీర్పుగా తీసుకోవద్దు.

ఇంటర్వ్యూలో నేను ఏం చూస్తానో ఒక ఉదాహరణతో చెబుతాను. 30×40 సైటులో ఇంటి ప్లాన్ చూపించిన ప్రతివారినీ మెట్ల గురించి అడుగుతాను. అంతస్తు ఎత్తు పది అడుగులు, మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు అనుకుంటే ఇరవై రైజర్లు (మెట్ల నిలువు ముఖాలు) వస్తాయి. రెండు వరుసలుగా విడదీస్తే వరుసకు పది. పది రైజర్ల మధ్య తొమ్మిది ట్రెడ్లు (కాలు పెట్టే పలకలు), ఒక్కొక్కటి పది అంగుళాలు, అంటే ఏడున్నర అడుగులు. దానికి మూడడుగుల ల్యాండింగ్ (మెట్లు మలుపు తిరిగే చోటి చదును) కలిపితే పదిన్నర అడుగుల పొడవు కావాలి. చాలామంది ప్లాన్‌లో అక్కడ ఎనిమిది అడుగులే ఉంటుంది. ఇక జాగా కలిసివస్తుందని ల్యాండింగ్ కింద బాత్‌రూమ్ పెడతారు. ల్యాండింగ్ ఐదడుగుల ఎత్తులో వస్తుంది, స్లాబు మందం పోతే కింద నాలుగున్నర అడుగులే మిగులుతుంది, అందులో మనిషి నిలబడలేడు. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపగలిగినవారికి రెండేళ్ళ అనుభవం ఉందా, ఐదేళ్ళదా అని నేను చూడను. మీరు ఇళ్ళ మీద పని చేయకపోయినా, ఒక ఇంటి మెట్లను, ఒక బాత్‌రూమ్‌ను, ఒక కిటికీని పూర్తి వివరాలతో సొంతంగా గీసి పోర్ట్‌ఫోలియోలో చేర్చుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

జీతం లేని ట్రయల్ విషయంలో నేను సున్నపు గచ్చు గారితో ఏకీభవిస్తాను. 1989 నాటి ఆర్కిటెక్టుల వృత్తి ప్రవర్తన నిబంధనలు ప్రతి ఆర్కిటెక్టుకూ వర్తిస్తాయి. ఉద్యోగులకు తగిన పని వాతావరణం కల్పించాలని, వారికి న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలని, వారి వృత్తిపరమైన ఎదుగుదలకు తోడ్పడాలని అందులో స్పష్టంగా ఉంది. మాంద్యం వచ్చినంత మాత్రాన ఆ నిబంధన పక్కకు పోదు. నేను కూడా మే నుంచి జీతాలు తగ్గించాను, ముందుగా నాదే తగ్గించుకున్నాను. తక్కువ ఇవ్వడం వేరు, ఏమీ ఇవ్వకుండా పని చేయించుకోవడం వేరు.

ఇంకొక మాట. మీరు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు చేసుకున్నారో లేదో రాయలేదు. చేసుకోకపోతే ఈ ఖాళీ సమయంలోనే ఆ పని పూర్తి చేయండి. 1972 నాటి చట్టం ప్రకారం నమోదైనవారికే ఆర్కిటెక్ట్ అన్న పేరు చెల్లుతుంది. ఆ చట్టం పేరును కాపాడుతుందే తప్ప డిజైన్ పని చేయకుండా ఇతరులను ఆపదని ఈ మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది కనుక, ఉత్త డ్రాయింగు పనిలో మనకు పోటీ ఇంకా పెరుగుతుంది. నమోదు ఉన్నవారే కావలసిన చోట్లు మాత్రం మాంద్యంలోనూ ఉంటాయి. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం కింద కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన డబ్బులో 70 శాతాన్ని బిల్డరు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. అందులోంచి తీయాలంటే పని ఎంతవరకు అయిందో ఒక ఇంజనీరు, ఒక ఆర్కిటెక్టు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి. అమ్మకాలు పడిపోయిన కాలంలో బిల్డరుకు ఆ ఖాతాలోని ప్రతి రూపాయీ అవసరమే. ఆ ధ్రువపత్రాలు ఇచ్చే ఆర్కిటెక్టులకు సైటుకు వెళ్ళి అంతస్తు అంతస్తూ చూసి నమోదు చేసే మనుషులు కావాలి. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ)లో ఆర్కిటెక్ట్ ఉద్యోగాలకు యూపీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు కూడా ఈ నమోదునే అడుగుతారు. ఇవి కాక, హొసకోట, నెలమంగల వైపు గిడ్డంగుల పనులు నడుస్తున్నాయి. వాటి డిజైన్‌లో అందం తక్కువ, కానీ జీతం నెలనెలా వస్తుంది.

పాత రశీదు, బెంగళూరు
7 డిసెంబర్ 2020

పెద్దలు వృత్తి సంగతి చెప్పారు, నేను డబ్బు సంగతి మాత్రమే చెబుతాను. మీ జీతం నెలకు 21,000 రూపాయలు మించకుండా ఉండి, ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోత పడుతూ ఉంటే, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద నిరుద్యోగ సాయానికి మీరు దరఖాస్తు చేసుకోవచ్చు. సగటు వేతనంలో 25 శాతంగా ఉన్న ఈ సాయాన్ని మార్చి 24 నుంచి ఈ డిసెంబర్ 31 వరకు ఉద్యోగం పోయినవారికి 50 శాతానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. ఉద్యోగం పోవడానికి ముందు కనీసం రెండేళ్ళు బీమా పరిధిలో ఉండాలి. చందా కట్టిన రోజులకు కూడా ఒక లెక్క ఉంది: ఉద్యోగం పోవడానికి సరిగ్గా ముందున్న ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, అంతకు ముందు రెండేళ్ళలోని మిగిలిన మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో 78 రోజులు ఉండాలి. దరఖాస్తును సంస్థ ద్వారానే పంపాలన్న నియమాన్ని తీసివేశారు, నేరుగా ఈఎస్ఐ శాఖ కార్యాలయానికే ఇవ్వవచ్చు.

క్రమశిక్షణ చర్య మీద తొలగించినవారికి, పదవీ విరమణ చేసినవారికి, స్వచ్ఛందంగా విరమించుకున్నవారికి ఇది వర్తించదు. చాలా ఆఫీసులు చిన్నవాళ్ళను పంపించేటప్పుడు వాళ్ళ చేతనే రాజీనామా రాయించుకుంటాయి. మీ చేతికి ఇచ్చిన కాగితంలో ఏమని ఉందో ఒకసారి చూసుకోండి. పీఎఫ్ ఉంటే, ఈ ఏడాది కోవిడ్ అడ్వాన్సుగా మూడు నెలల మూలవేతనం, డీఏ కలిపిన మొత్తం లేదా నిల్వలో 75 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకునే వీలు ఉంది. అది తిరిగి కట్టనక్కరలేదు, కానీ మీ సొంత పొదుపే కనుక చివరి మార్గంగా ఉంచుకోండి.

నీలి గీత, చెన్నై
8 డిసెంబర్ 2020

సున్నపు గచ్చు గారి సలహా మంచిదే, కానీ అది అందరికీ ఒకే విధంగా అమరదు. కాంట్రాక్టర్ దగ్గర సైటు ఉద్యోగానికి నేను కూడా ప్రయత్నించాను. పొద్దున ఏడింటికి ఊరి చివర ఉండాలి, స్లాబు పోసిన రోజు చీకటి పడ్డాక గానీ బయలుదేరలేము, అంతసేపూ ఆడవాళ్ళు వాడుకోదగిన మరుగుదొడ్డి ఉండదు. అక్కడ కంకర మోసే ఆడకూలీలు అది లేకుండానే ఏళ్ళ తరబడి పని చేస్తున్నారని నాకు తెలుసు, దాని గురించి ఈ వృత్తిలో ఉన్నవారు ఎవరూ మాట్లాడకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఒప్పుకునే ముందు సైటుకు ఎలా వెళ్ళి ఎలా రావాలి, అక్కడ ఏ సౌకర్యం ఉంది అన్నది మొహమాటం లేకుండా అడగండి.

నాలుగో మెట్టు గారూ, మీ రెండేళ్ళ పనిని మీరే తక్కువ చేసి రాశారని నాకు అనిపించింది. నేను చెన్నైలో బిమ్ (భవనాన్ని అన్ని వివరాలతో కంప్యూటర్ మోడల్‌గా కట్టడం) పని చేస్తాను, విదేశీ ప్రాజెక్టులకు ఇక్కడి నుంచి రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడళ్ళు తయారు చేసే సంస్థలో. బ్రిటన్ 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు బిమ్‌ను తప్పనిసరి చేసిన తరువాత ఇటువంటి పని మన నగరాలకు బాగా పెరిగింది. మా పనిలో అతి కష్టమైన భాగం సరిగ్గా మీరు చేసిన ఫాల్స్ సీలింగ్ పైభాగమే. పై స్లాబుకు, సీలింగ్‌కు మధ్య ఉన్న కొద్ది జాగాలో ఏసీ డక్టు, స్ప్రింక్లర్ పైపు, కేబుల్ ట్రే, దీపాలు అన్నీ ఇమడాలి. 600 మిల్లీమీటర్ల లోతున్న బీమ్ కింద నుంచి 450 మిల్లీమీటర్ల డక్టు వెళ్ళాలంటే సీలింగ్ ఎంత దిగుతుంది, దిగితే తలుపు పైన అద్దానికి ఏమవుతుంది అన్నది ముందుగా చూసి చెప్పగలిగినవాళ్ళు తక్కువ. రిఫ్లెక్టెడ్ సీలింగ్ ప్లాన్ (సీలింగ్‌లో ఏది ఎక్కడ ఉంటుందో చూపే డ్రాయింగు) సొంతంగా పూర్తి చేసిన అమ్మాయికి ఇది కొత్త విద్య కాదు. ఆటోక్యాడ్‌లో చేసిన పాత ఆఫీసు అంతస్తును ఒకదానిని రెవిట్‌లో మళ్ళీ కట్టి, డక్టు, బీమ్ ఎక్కడ తగులుకున్నాయో, దాన్ని మీరు ఎలా సరిచేశారో రెండు పేజీల్లో చూపించండి. పాత సంస్థ ఖాతాదారు పేరు, వివరాలు మాత్రం అందులో ఉండకూడదు.

ఈ పనిలో లోటు కూడా చెప్పాలి. మనం మోడల్ చేసిన భవనాన్ని ఎప్పుడూ చూడము, అక్కడి నిబంధనలే నేర్చుకుంటాము కానీ ఇక్కడివి మరచిపోతాము, అమెరికా ప్రాజెక్టులైతే రాత్రి పొద్దుపోయే దాకా కాల్స్ ఉంటాయి. రెండు మూడేళ్ళ తరువాత ఇల్లు డిజైన్ చేసే ఆఫీసుకు తిరిగి వెళ్దామంటే, “మీరు మోడలర్ కదా” అంటారు. నాకు ఆ మాట ఎదురైంది. అయినా ఈ ఏడాది ఒక్క నెల కూడా జీతం ఆగకుండా గడిచింది, తమ్ముడి ఫీజు కట్టగలిగాను. నా వరకు ఆ లెక్క సరిపోయింది.

నాలుగో మెట్టు, బెంగళూరు
9 డిసెంబర్ 2020

అందరికీ కృతజ్ఞతలు. పాత రశీదు గారూ, జీతపు చీటీలు తీసి చూశాను, ఈఎస్ఐ కోత ఉంది. మమ్మల్ని పంపించినప్పుడు ఇచ్చిన ఉత్తరంలో ప్రాజెక్టులు లేనందున తొలగిస్తున్నామనే రాశారు, రాజీనామా అడగలేదు. దరఖాస్తు ఈ వారంలోనే ఇస్తాను. కౌన్సిల్ నమోదు నేను చేసుకోలేదు, దానికి కావలసిన కాగితాలు ఇంటి నుంచి తెప్పిస్తున్నాను. జీతం లేని ట్రయల్‌కు రానని ఆ ఆఫీసుకు మర్యాదగా రాసి పంపాను. నీలి గీత అక్కా, సీలింగ్ పని గురించి మీరు రాసినది చదివాక పాత ఫైళ్ళు మళ్ళీ తెరిచాను.

ఇంటి డిజైన్ పరీక్ష సంగతి మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. వద్దంటే ఉన్న ఒక్క ఇంటర్వ్యూ కూడా పోతుంది. చేసి పంపితే, నా ప్లాన్‌తో ఎవరి ఇల్లో లేస్తుందేమోనన్న అనుమానం మిగులుతుంది. దక్షిణ వాకిలి గారూ, మీ ఆఫీసులో పరీక్ష పెడతారా? పెడితే ఎలా పెడతారు?

దక్షిణ వాకిలి, బెంగళూరు
9 డిసెంబర్ 2020

పెడతాము. అభ్యర్థిని ఆఫీసుకు పిలిచి, ఇప్పటికే కట్టడం పూర్తయిన మా పాత ఇంటి మెట్లనో, వంటగదినో ఇచ్చి, రెండు గంటల్లో చేత్తో గీయమంటాము. సాఫ్ట్‌వేర్ వేగం మాకు అవసరం లేదు, ఆలోచన ఎలా నడుస్తుందో తెలిస్తే చాలు. కట్టేసిన ఇల్లు కనుక ఆ గీతను మేము వాడుకునే అవకాశమే ఉండదు. మూడు అంతస్తుల ఇంటిని వారం రోజుల పాటు చేయించడం పరీక్ష కాదు, పని. దానికి డబ్బు ఇవ్వాలి.

మీరు వద్దని చెప్పనక్కరలేదు. పూర్తి ఇంటికి బదులు ఒక్క అంతస్తు ప్లాన్, ఒక సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసి చూపే గీత) మాత్రమే పంపుతానని, మిగిలినది వారి ఆఫీసులో వారి ఎదుటే కూర్చుని చేస్తానని, అంతా కావాలంటే దానికి ఇంత రుసుము అవుతుందని రాయండి. నిజంగా మనిషి కావలసిన ఆఫీసు దీనికి అభ్యంతరం చెప్పదు. పంపే ప్రతి షీటు మీద టైటిల్ బ్లాకులో మీ పేరు, తేదీ, “ఉద్యోగ పరీక్ష నిమిత్తం మాత్రమే” అన్న మాట ఉండాలి. పీడీఎఫ్‌గానే పంపండి, క్యాడ్ ఫైలు ఇవ్వవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ప్లాన్ కూడా కళాకృతి కిందికే వస్తుంది. ఉద్యోగంలో భాగంగా గీసినదైతే హక్కు సంస్థకు వెళ్తుంది, కానీ మీరు ఇంకా వారి ఉద్యోగి కారు కనుక, మీరు రాసి ఇస్తే తప్ప ఆ హక్కు మీదే. ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఈమెయిల్‌లోనే నడపండి, ఫోనులో ఏదైనా చెబితే, “ఇప్పుడు మాట్లాడుకున్న ప్రకారం” అంటూ ఆ సాయంత్రమే ఒక మెయిల్ రాసి పెట్టుకోండి.